పిట్యూటరీ గడ్డలో క్రోమోజోమ్ తేడా: తరచుగా అడిగే ప్రశ్నలు

"క్యాన్సర్ కాదు, భయపడకండి" అని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత ఎవరో ఇంటర్నెట్‌లో వెతికి "ఈ గడ్డల్లో క్రోమోజోములు దెబ్బతింటాయట" అంటారు. మళ్లీ మొదలు. మనకు క్రోమోజోమ్ అనగానే వంశం గుర్తొస్తుంది, పుట్టబోయే బిడ్డ గుర్తొస్తుంది, పెళ్లీడుకొచ్చిన అమ్మాయి గుర్తొస్తుంది. ఆ కంగారులోంచి వచ్చే ప్రశ్నలకే ఇక్కడ జవాబులు. మీ కేసు సంగతి మీ ఎండోక్రినాలజిస్టే, అంటే హార్మోన్ల డాక్టరే చెప్పాలి. ఆయన గదిలో దొరికే పది నిమిషాల్లో ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

పిట్యూటరీ గడ్డ అంటే మెదడు క్యాన్సరేనా?

కాదు. పిట్యూటరీ, అంటే మన పాఠ్యపుస్తకాల్లోని పీయూష గ్రంథి, శనగగింజంత ఉంటుంది. బరువు అర గ్రాము. ముక్కు వెనకాల, పుర్రె అడుగున గుర్రపు జీను ఆకారంలో ఉన్న చిన్న ఎముక గుంటలో కూర్చుని ఉంటుంది. ఎదుగుదల, పాలు, నెలసరి, థైరాయిడ్, ఒత్తిడిని తట్టుకునే కార్టిసాల్, వీటన్నిటికీ ఆజ్ఞలు వెళ్లేది అక్కడి నుంచే. ఆ గ్రంథి కణాల్లో ఒకటి అదుపు తప్పి పెరిగితే అడినోమా అంటారు. దాదాపు అన్నీ నిరపాయకరమైనవే. శరీరంలో ఇంకోచోటికి పాకే నిజమైన పిట్యూటరీ క్యాన్సర్ వెయ్యి గడ్డల్లో ఒకటో రెండో.

నిరపాయకరం అన్న మాట కొంచెం మోసం చేస్తుందని కూడా చెప్పాలి. గడ్డ పైకి పెరిగితే సరిగ్గా మీదనే ఉన్న కంటి నరాలను నొక్కుతుంది, చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. హార్మోన్ ఎక్కువగా వదిలితే గుండె, ఎముకలు, షుగరు, సంతానం అన్నీ దెబ్బతింటాయి. క్యాన్సర్ కాదు కదా అని వదిలేసే జబ్బు కాదిది.

ఇది అరుదైన జబ్బా?

గడ్డ అరుదు కాదు, గడ్డ వల్ల జబ్బు పడటం అరుదు. వేరే కారణాలతో చనిపోయినవారి పోస్టుమార్టాలు, వేరే కారణాలతో తీసిన స్కాన్లు అన్నీ కలిపి లెక్కవేసిన 2004 నాటి అధ్యయనంలో ఆరుగురిలో ఒకరికి పిట్యూటరీలో ఏదో చిన్న గడ్డ ఉన్నట్టు తేలింది. చాలామంది దానితోనే, దాని సంగతి తెలియకుండానే, నిండు జీవితం గడిపేస్తారు. వైద్యం దాకా వచ్చే గడ్డలు మాత్రం బెల్జియంలోని లియేజ్ ప్రాంతంలో 2006లో ఇల్లిల్లూ గాలించినట్టు లెక్కపెడితే సుమారు వెయ్యి మందికి ఒకటి చొప్పున కనబడ్డాయి.

ఈ రెండు అంకెల మధ్య దూరం గుర్తుపెట్టుకోండి. కింద క్రోమోజోముల కథంతా ఆ దూరం చుట్టూనే తిరుగుతుంది.

క్రోమోజోమ్ తేడా అంటే సరిగ్గా ఏమిటి?

ప్రతి కణంలోనూ రెండు భారతాల సెట్లు ఉన్నాయనుకోండి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. భారతానికి పద్దెనిమిది పర్వాలైతే ఈ సెట్టుకు ఇరవై మూడు సంపుటాలు. మొత్తం 46. కణం రెండుగా చీలే ముందు 46 సంపుటాలనూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తిరగరాసి, పిల్ల కణాలకు చెరొక పూర్తి ప్రతి పంచాలి.

ఇందులో తప్పులు మూడు రకాలు. పంపకంలో తేడా వచ్చి ఒక సంపుటం ఒక కణానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ పడటం మొదటిది. ఒక సంపుటంలో కొన్ని అధ్యాయాలు చిరిగిపోవడమో, రెండుసార్లు రాయబడటమో రెండోది. ఒకే ఒక్క అక్షరం తప్పు పడటం మూడోది. మొదటి రెండింటినీ క్రోమోజోమ్ తేడాలంటారు. మూడోది జన్యు మార్పు, మ్యుటేషన్. పిట్యూటరీ గడ్డల్లో ఈ మూడూ కనిపిస్తాయి. అంతకంటే విచిత్రం, పెద్ద గడ్డయి ఉండి ఇవేవీ కనిపించనివి కూడా బోలెడు.

రక్తపరీక్షలో నా క్రోమోజోములు నార్మల్ అని వచ్చింది. గడ్డలో మాత్రం తేడా అంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. రక్తంలో చూసేది మీరు పుట్టినప్పటి ప్రతి. గడ్డలో ఉన్నది మీకు ముప్పయ్యో నలభయ్యో ఏళ్లొచ్చాక, ఒక్క పిట్యూటరీ కణం తిరగరాసుకుంటున్నప్పుడు పడిన తప్పు. ఆ తప్పు ఆ కణం సంతానానికే పరిమితం. మీ రక్తంలో ఉండదు, చర్మంలో ఉండదు, అండంలోనూ వీర్యంలోనూ ఉండదు. పుట్టుకతో వచ్చిన తేడాకూ తర్వాత ఒక అవయవంలో పుట్టిన తేడాకూ ఒకే మాట వాడటం వల్ల వచ్చిన తంటా ఇది.

గడ్డంతా ఒకే కణం సంతానమని ఎలా చెప్పగలరు?

ఇది తెలుసుకున్న పద్ధతి నాకు భలే ఇష్టం. ఆడవారి ప్రతి కణంలో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి, కానీ పనిచేసేది ఒకటే. తల్లి కడుపులో ఉన్నప్పుడే ఒక్కో కణం బొమ్మా బొరుసా వేసినట్టు అమ్మ ఎక్స్‌నో నాన్న ఎక్స్‌నో నిద్రపుచ్చేస్తుంది. దాని సంతానమంతా అదే ఎక్స్‌ను నిద్రపుచ్చి ఉంచుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ముక్క తీసి చూస్తే రెండు రకాల కణాలూ కలగలిసి ఉంటాయి.

1990లో పరిశోధకులు ఆడవారి పిట్యూటరీ గడ్డల్లో ఇదే చూశారు. గడ్డలోని కణాలన్నీ ఒకే ఎక్స్‌ను నిద్రపుచ్చి ఉన్నాయి. అంటే గడ్డ మొత్తం ఒక్క కణం వంశమే. అప్పటిదాకా "పైనున్న మెదడు భాగం హైపోథాలమస్ నుంచి ప్రేరణ ఎక్కువై గ్రంథి ఉబ్బుతోంది" అన్న వాదానికి మంచి బలం ఉండేది. దాంతో ఆ వాదం పక్కకు తప్పుకుంది, ఆ ఒక్క కణంలో ఏం తప్పు జరిగిందన్న వేట మొదలైంది.

ఏ గడ్డలో ఏ తేడా ఉంటుంది?

అన్నిటికీ కలిపి ఒకే జవాబు లేదు. గడ్డ ఏ హార్మోన్ చేసే కణం నుంచి పుట్టిందన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది.

గ్రోత్ హార్మోన్ గడ్డలను తీసుకుందాం. చేతులు, పాదాలు, దవడ పెరిగిపోయి, ఉంగరం పట్టక, చెప్పుల సైజు మారుతూ వచ్చే అక్రోమెగలీ వీటి వల్లే. ఈ గడ్డల్లో సుమారు 40 శాతంలో 20వ క్రోమోజోమ్ మీద ఉన్న జీఎన్‌ఏఎస్ అనే జన్యువులో ఒక్క అక్షరం తప్పు ఉంటుంది. ఈ సంగతి 1989లో బయటపడింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ ఒక స్విచ్ లాంటిది, పైనుంచి సంకేతం వస్తే వెలిగి, కాసేపటికి తనంత తానే ఆరిపోవాలి. తప్పు అక్షరం పడ్డాక ఆరదు. కణం రాత్రింబగళ్లు "పెరుగు, హార్మోన్ చెయ్యి" అన్న ఆజ్ఞ వింటూనే ఉంటుంది. పిట్యూటరీలో ఈ జన్యువుకు అమ్మ ఇచ్చిన ప్రతే ప్రధానంగా పనిచేస్తుంది, కాబట్టి తప్పు కూడా దాదాపు ఎప్పుడూ అమ్మ ప్రతిలోనే దొరుకుతుంది. నాన్న ప్రతిలో పడిన తప్పు నోరెత్తదు. అమ్మ తప్పు చేసిందని కాదు దీనర్థం, దయచేసి ఇంట్లో అలా అనకండి.

ఏసీటీహెచ్ అంటే కార్టిసాల్ చేయమని ఆజ్ఞ ఇచ్చే హార్మోన్. ఒంట్లో కార్టిసాల్ మితిమీరే కుషింగ్ జబ్బు తెచ్చే ఏసీటీహెచ్ గడ్డల్లో చాలావాటికి 15వ క్రోమోజోమ్ మీది యూఎస్‌పీ8 జన్యువు కారణమని 2015లో తెలిసింది. కణం పైపొర మీద పెరుగుదల సంకేతాలు అందుకునే గ్రాహకాలుంటాయి, పాతబడినవాటిని కణం చెత్తబుట్టలో వేస్తుంది. ఈ ప్రొటీన్ వాటిని చెత్తబుట్ట లోంచి వెనక్కి తీసే రకం. మార్పు వస్తే అతిగా తీసేస్తుంది. పారేయాల్సిన గ్రాహకాలు మళ్లీ గుమ్మంలో నిలబడి సంకేతాలు పంపుతుంటాయి.

సంపుటాలకు సంపుటాలే ఎక్కువ పడటం ప్రొలాక్టిన్, అంటే పాల హార్మోన్, గడ్డల్లో పాతకాలం నుంచీ తెలిసిన సంగతి. 5, 8, 12 క్రోమోజోములు రెండుకు బదులు మూడు ఉండటం వీటిలో పదేపదే కనబడింది. 12వ దాని మీద హెచ్‌ఎంజీఏ2 అనే జన్యువుంది. దాన్ని ఎలుకల్లో అతిగా పనిచేయిస్తే పిట్యూటరీ గడ్డలు వచ్చాయని ఇటలీలోని నేపుల్స్ బృందం 2002లో చూపించింది. అదనపు సంపుటం ఊరికే పడి ఉన్న చెత్త కాదని అలా రుజువైంది. 2020లో చైనా పరిశోధకులు కొన్ని ప్రొలాక్టిన్ గడ్డల్లో ఎస్‌ఎఫ్3బీ1 అనే మరో జన్యువులో ఒకే చోట పడే అక్షర దోషాన్ని పట్టుకున్నారు.

ఇక ఏ హార్మోనూ వదలని గడ్డలు. వీటిలో ఎక్కువ భాగం అండాశయాలకు, వృషణాలకు ఆజ్ఞలిచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు చేసే కణాల నుంచి పుట్టినవే. చూపు మందగించేదాకా ఎవరికీ తెలియకుండా నిమ్మకాయంత పెరుగుతాయి. అంత పెద్ద గడ్డలో క్రోమోజోములు చిందరవందరగా ఉంటాయనుకుంటాం కదా? చాలావాటిలో ప్రశాంతంగా, పొందిగ్గా ఉంటాయి. చిన్నవే అయినా హార్మోన్ వదిలే గడ్డల్లో గందరగోళం ఎక్కువ. ఒక ఫ్రెంచ్ బృందం 134 గడ్డలను అన్ని కోణాల్లో చదివి 2020లో ప్రకటించిన ఫలితాల్లోనూ ఇదే ధోరణి. సైజును చూసి జన్యువులను అంచనా వేయడం కుదరదన్నమాట.

క్రోమోజోములు ఇంత గందరగోళం అయితే అది క్యాన్సర్ ఎందుకు కాదు?

ఈ విషయమంతటికీ ఇదే గుండెకాయ లాంటి ప్రశ్న. జర్మన్ శాస్త్రవేత్త థియోడోర్ బొవేరీ 1914లోనే, సముద్రపు అర్చిన్ల గుడ్లను చూసిన అనుభవంతో, క్రోమోజోముల పంపకంలో వచ్చే తప్పుల నుంచే దుష్ట కణితులు పుడతాయని ఊహించాడు. మనిషికి 46 క్రోమోజోములని 1956 దాకా తెలియనే తెలియదు, ఆయన మాత్రం అప్పటికే అంత దూరం చూశాడు. ఆ లెక్కన పిట్యూటరీ గడ్డలు క్యాన్సర్లు కావాలి. అవడం లేదు.

లాస్ ఏంజెలెస్ పరిశోధకులు 1997లో ఎలుక పిట్యూటరీ గడ్డలోంచి పీటీటీజీ అనే జన్యువును తీశారు. పిట్యూటరీ గడ్డల్లో అది అతిగా ఉంటోంది. రెండేళ్లకు దాని అసలు ఉద్యోగమేమిటో తెలిసింది. తిరగరాసిన రెండు ప్రతులనూ పంపకం వేళ దాకా విడిపోకుండా కట్టి ఉంచడం. ఆ కట్టు సరిగ్గా సమయానికి ఊడాలి. పీటీటీజీ ఎక్కువైతే ఊడాల్సినప్పుడు ఊడదు, ప్రతులు రెండూ ఒకే కణంలోకి పోతాయి. పంపకాల గొడవ మొదలయ్యేది ఇక్కడే.

ఇక్కడి దాకా క్యాన్సర్ కథే. ఆ తర్వాత దారి మారుతుంది. పంపకంలో తేడా వచ్చిందని, డీఎన్‌ఏ తెగిందని పసిగట్టిన పిట్యూటరీ కణం పీ21 అనే ప్రొటీన్‌ను పెద్ద ఎత్తున తయారుచేస్తుంది. ఆ ప్రొటీన్ ఇక చీలవద్దని కణానికి సంకెళ్లు వేస్తుంది. కణం చావదు. హార్మోన్ చేయడం కూడా మానదు. విభజన మాత్రం ఆపేస్తుంది. దీన్నే కణ వార్ధక్యం అంటారు. గ్రోత్ హార్మోన్ గడ్డల్లో ఇది స్పష్టంగా కనబడిందని 2008 నాటికి అదే లాస్ ఏంజెలెస్ బృందం చూపించింది. మన ఇళ్లలో ఉండే పెద్దాయన లాంటిదనుకోండి, పొలం పనికి వెళ్లడు, సంసారం పెంచడు, అరుగు మీద కూర్చుని అందరికీ ఆజ్ఞలు మాత్రం జారీ చేస్తూనే ఉంటాడు. గడ్డ పెద్దగా పెరగకపోయినా మనిషిని హార్మోన్‌తో ఇబ్బంది పెట్టడానికి కారణం ఇదే. పోస్టుమార్టాల్లో, స్కాన్లలో ఆరుగురిలో ఒకరికి గడ్డ ఉండి, వెయ్యిలో ఒకరే వైద్యానికి రావడానికి కూడా ఇదొక మంచి వివరణ అని నా అభిప్రాయం.

ఇంకో మెలిక ఉంది. గ్రోత్ హార్మోన్ గడ్డల్లో క్రోమోజోమ్ గందరగోళం ఎక్కువ ఎందుకంటే, హార్మోన్ తయారీకి కణంలో నడిచే అదే ఆజ్ఞల వ్యవస్థ డీఎన్‌ఏను కూడా దెబ్బతీస్తోందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. అంటే కొన్నిచోట్ల క్రోమోజోమ్ తేడా గడ్డకు కారణం కాదు, గడ్డ చేసే పనికి ఫలితం. ఏది ముందు, ఏది వెనక అన్నది ప్రతి గడ్డలోనూ ఒకేలా ఉండదు.

ఎలుకల్లో వస్తే మనుషుల్లోనూ వచ్చినట్టేనా?

కాదనడానికి 13వ క్రోమోజోమే సాక్ష్యం. దాని మీద ఆర్‌బీ1 అనే జన్యువుంది. 1992లో ఒక ప్రతి చెడగొట్టిన ఎలుకలను పుట్టిస్తే వాటికి పిట్యూటరీ గడ్డలు వచ్చాయి. అదే లోపంతో పుట్టిన మనిషి బిడ్డకు వచ్చేది కంటి క్యాన్సర్, రెటినోబ్లాస్టోమా. పిట్యూటరీ అడినోమా కాదు. ఎలుకల మీద ఫలానా మందు పనిచేసిందని వాట్సాప్‌లో వచ్చే కబుర్లకూ ఇదే కొలత పెట్టుకోండి.

నా పిల్లలకు వస్తుందా?

వందలో సుమారు 95 మందికి జవాబు: రాదు. వాళ్ల గడ్డలోని తేడా గడ్డతోనే ఉంటుంది. మిగతా కొద్ది కుటుంబాల్లో మాత్రం పుట్టుకతోనే ఒక ప్రతిలో తప్పు ఉంటుంది, అది తరాలు దిగుతుంది.

వాటిలో బాగా తెలిసింది ఎంఈఎన్1. జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, 1997లో దొరికింది. అమ్మ సెట్టులోనో నాన్న సెట్టులోనో ఆ పేజీ చెడిపోయి పుడతారు. రెండో సెట్టు బాగుంది కాబట్టి కణాలు మామూలుగానే నడుస్తాయి. ఏళ్లు గడిచాక ఏదో ఒక గ్రంథిలో ఒక కణం తన బాగున్న సంపుటంలోని ఆ భాగాన్ని పోగొట్టుకుంటుంది. ఇక కాపలా లేదు, గడ్డ మొదలు. ఇలా 11వ క్రోమోజోమ్ ముక్క పోవడం గడ్డలో చూసే క్రోమోజోమ్ తేడాల్లో ముఖ్యమైనది. ఈ కుటుంబాల్లో పిట్యూటరీ కంటే ముందు పారాథైరాయిడ్, అంటే మెడలో ఉండి రక్తంలోని కాల్షియాన్ని చూసుకునే గ్రంథులు, దెబ్బతినడం మామూలు. "మా నాన్నకు ఎప్పుడూ కిడ్నీలో రాళ్లు, బాబాయికి మెడలో ఏదో గ్రంథి ఆపరేషన్ చేశారు, మేనత్తకు మానని అల్సర్" అని విడివిడిగా చెప్పుకునే కథలు నిజానికి ఒకే కథ కావచ్చు. డాక్టరు అడగకపోయినా ఇవి చెప్పండి.

రెండోది ఏఐపీ. ఇదీ 11వ క్రోమోజోమ్ మీదే. ఉత్తర ఫిన్లాండ్ కుటుంబాల్లో 2006లో బయటపడింది. దీని వెనక ఒక మనిషి కథ ఉంది. ఛార్లెస్ బర్న్ అనే ఐరిష్ యువకుడు ఏడున్నర అడుగులకు పైగా పెరిగి, లండన్‌లో టిక్కెట్టు పెట్టి జనానికి చూపించే వింతగా బతికి, 1783లో 22 ఏళ్లకే చనిపోయాడు. తన శవాన్ని సర్జన్ల చేతికి ఇవ్వొద్దని, సముద్రంలో వేయమని బతిమాలుకున్నాడట. జాన్ హంటర్ అనే సర్జన్ ఎలాగో సంపాదించి అస్థిపంజరం నిలబెట్టాడు. 1909లో అమెరికన్ మెదడు సర్జన్ హార్వీ కుషింగ్ ఆ పుర్రె తెరిపించి పిట్యూటరీ గుంట సాగిపోయి ఉందని చూశాడు. 2011లో అతని పంటిలోంచి డీఎన్‌ఏ తీస్తే ఏఐపీ మార్పు దొరికింది. ఈనాటికీ ఉత్తర ఐర్లాండ్‌లోని కొన్ని కుటుంబాల్లో అదే మార్పు ఉంది, అందరికీ మూలపురుషుడు ఒక్కడే. అది ఉన్న లండన్‌లోని హంటేరియన్ మ్యూజియాన్ని 2023లో తిరిగి తెరిచినప్పుడు ఆ అస్థిపంజరాన్ని ప్రదర్శన నుంచి తీసేశారు. రెండు వందల నలభై ఏళ్లు పట్టింది.

ఏఐపీ మార్పు ఉన్నవారందరికీ గడ్డ రాదు. పదిమందిలో ఇద్దరికో ముగ్గురికో వస్తుంది. అందుకే తాతకు ఏమీ లేక మనవడికి రావడం, "మా వంశంలో ఎవరికీ లేదండీ" అని నమ్మకంగా చెప్పడం జరుగుతుంది. వచ్చిన గడ్డలు చిన్న వయసులో, పెద్ద సైజులో వస్తాయి, ఇంజెక్షన్లకు అంత తేలిగ్గా లొంగవు.

పసిపిల్లల్లో విపరీతమైన ఎదుగుదల కూడా ఇదేనా?

ఏడాది రెండేళ్ల బిడ్డ వయసుకు మించి వేగంగా పొడుగవుతుంటే ఎక్స్‌లాగ్ అనే అత్యంత అరుదైన స్థితి గుర్తుకు రావాలి. 2014లో వర్ణించారు. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఒక చిన్న భాగం రెండుసార్లు రాయబడి ఉంటుంది, అందులో జీపీఆర్101 అనే జన్యువుంది. మామూలుగా ఆ జన్యువుకూ పక్క గది జన్యువులకూ మధ్య గోడ ఉంటుంది. భాగం రెండింతలవడంతో గోడ స్థానం తప్పి, పక్క గది మీటలు దీన్ని కూడా మోగించడం మొదలుపెడతాయి. ఎక్కువగా ఆడపిల్లల్లో చూశారు. చాలామందిలో తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, బిడ్డలోనే కొత్తగా పుట్టింది.

మేనరికం చేసుకున్నాం. అందువల్లేనా?

ఈ ప్రశ్న మన దగ్గర తప్పకుండా వస్తుంది, అడిగేటప్పుడు గొంతులో నేరభావం కూడా వినిపిస్తుంది. మేనరికంలో పెరిగే ప్రమాదం, ఇద్దరి నుంచీ చెడిన ప్రతి రావాల్సిన జబ్బులకు. ఎంఈఎన్1, ఏఐపీ అలాంటివి కావు. ఒక్కరి నుంచి ఒక్క చెడిన ప్రతి వస్తే చాలు, బయటి సంబంధం చేసుకున్నా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఇక మెజారిటీ గడ్డలకు వంశంతోనే పని లేదు. కాబట్టి ఈ గడ్డకు మీ పెళ్లిని బాధ్యురాలిని చేయకండి.

సెల్‌ఫోన్, తిండి, దెబ్బ తగలడం వల్ల క్రోమోజోములు ఇలా అవుతాయా?

ఫోను వల్లో, కూరల వల్లో, చిన్నప్పుడు తలకు తగిలిన దెబ్బ వల్లో పిట్యూటరీ అడినోమా వస్తుందని రుజువు లేదు.

కుటుంబంలో ఎవరెవరు జన్యుపరీక్ష చేయించుకోవాలి?

అందరూ అక్కర్లేదు. యాభై ఏళ్ల మనిషికి చూపు తగ్గి హార్మోన్ లేని గడ్డ బయటపడి, ఇంట్లో ఇంకెవరికీ ఏమీ లేకపోతే జన్యుపరీక్షతో ఒరిగేది దాదాపు సున్నా. ఇవి ఉంటే మాత్రం మాట్లాడాలి: కుటుంబంలో ఇంకొకరికి పిట్యూటరీ గడ్డ, పిల్లల్లో లేదా ముప్పయ్యేళ్ల లోపు సెంటీమీటరు దాటిన గడ్డ, పెరుగుదల ఆగాల్సిన వయసులోనూ ఆగని పొడుగు, గడ్డతో పాటు రక్తంలో కాల్షియం ఎక్కువ. కాల్షియం పరీక్ష ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, చవక. అది చేయించకుండా నేరుగా ఖరీదైన జన్యు ప్యానెల్‌కు వెళ్లడం నాకైతే తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది.

పరీక్షకు ముందు జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ జన్యు నిర్ధారణలో పేరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఫలితం వచ్చాక ఎవరికి చెప్పాలి, పిల్లలకు ఏ వయసులో పరీక్ష, పెళ్లి సంబంధాల దగ్గర ఈ మాట ఎలా అన్నవి రక్తం ఇచ్చాక కాదు, ఇవ్వకముందే ఆలోచించుకోవాల్సినవి.

"రిపోర్టులో క్రోమోజోముల సంగతి ఏమీ రాయలేదు. ల్యాబ్ వాళ్లు వదిలేశారా?"

లేదు. మామూలుగా చూడరు. పాథాలజిస్ట్ చూసేది గడ్డ ఏ హార్మోన్‌ది, ఏ కణ వంశానిది, ఎంత వేగంగా చీలుతోంది అన్నవి. ఆ చివరిదానికే కేఐ-67 అనే అంకె. మూడు శాతం లోపు ఉండటం సాధారణం. క్రోమోజోములను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలంటే కణం సరిగ్గా చీలే క్షణంలో దొరకాలి, వందలో రెండు మూడు కణాలు కూడా చీలని ఈ గడ్డల్లో అది దొరకడం కష్టం. ల్యాబులో పెంచుదామంటే గడ్డ కణాలు కదలవు, వాటితో కలిసి వచ్చిన పీచు కణాలు మాత్రం కలుపు మొక్కల్లా పెరిగిపోతాయి. కణాలను పెంచే పనిలేకుండా నేరుగా డీఎన్‌ఏను పోల్చిచూసే పద్ధతులు 1990ల్లో వచ్చాకే ఈ రంగం ముందుకు కదిలింది.

తేడా తెలిస్తే మందు మారుతుందా?

ఇప్పటికైతే చాలామందికి మారదు. ప్రొలాక్టిన్ గడ్డకు ముందు కాబెర్గోలిన్ మాత్రలే, ఎక్కువమందిలో ఆపరేషన్ లేకుండానే గడ్డ కుంచించుకుపోతుంది. అక్రోమెగలీకి, కుషింగ్‌కు ముక్కు ద్వారా ఆపరేషన్, తర్వాత అవసరమైతే మందులు (అక్రోమెగలీకైతే ఆక్ట్రియోటైడ్ లాంటి ఇంజెక్షన్లు), రేడియేషన్. క్రోమోజోముల పటం చూసి మందు రాసే రోజు ఇంకా రాలేదు. పదేపదే తిరగబెట్టే, మందులకు లొంగని కొద్ది గడ్డల్లో, ముఖ్యంగా ఏసీటీహెచ్ గడ్డల్లో, టీపీ53, ఏటీఆర్‌ఎక్స్ అనే జన్యువుల లోపం కనబడితే డాక్టర్లు మరింత జాగ్రత్తపడతారు.

రిపోర్టులో అడినోమా అని లేదు, న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అని ఉంది. జబ్బు ముదిరిందా?

పేరు మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణలో అడినోమాకు బదులు పిట్‌నెట్ (పిట్యూటరీ న్యూరోఎండోక్రైన్ ట్యూమర్) అనే పేరు పెట్టింది. నిన్న అడినోమా అన్నదాన్నే నేడు ఇలా రాస్తున్నారు. ఈ మార్పు మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. నిరపాయకరమైన గడ్డకు భయపెట్టే పేరెందుకన్నది అభ్యంతరం చెప్పేవారి వాదన. నేనూ వాళ్ల పక్షమే.

ప్రొలాక్టిన్ గడ్డ ఉంది. గర్భం వస్తే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటివి వస్తాయా?

గడ్డలోని అదనపు క్రోమోజోముకూ మీ అండానికీ ఏ దారీ లేదు. డౌన్ సిండ్రోమ్ ప్రమాదం మీ వయసును బట్టి అందరికీ ఉన్నంతే. మీరు చూసుకోవాల్సింది వేరే: మాత్రలు వేసుకుంటుంటే ఆగిన నెలసరి తిరిగొచ్చి, అనుకోకుండానే గర్భం నిలవొచ్చు. గర్భంలో పెద్ద గడ్డలు పెరిగే అవకాశం ఉంది. తలనొప్పి ఎక్కువైనా, చూపు తగ్గినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మాత్ర ఎప్పుడు ఆపాలో మీ అంతట మీరు నిర్ణయించుకోకండి.

ఆపరేషన్ అయి పదేళ్లయింది. ఇప్పుడు తమ్ముడికీ గడ్డ అన్నారు. నా పాత గడ్డను పరీక్షించాలా?

వంశపారంపర్యమా కాదా అన్న ప్రశ్నకు గడ్డతో పని లేదు, మీ రక్తం ఒక ట్యూబ్ చాలు. ముందు గడ్డ ఉన్న మీ ఇద్దరిలో ఒకరికి పరీక్ష చేస్తారు. మార్పు దొరికితే అప్పుడు అదే మార్పు కోసం మిగతా తోబుట్టువులకు, పిల్లలకు చూస్తారు. గడ్డ ముక్క కావాల్సి వస్తే, ఆనాటి ఆసుపత్రి పాథాలజీ విభాగంలో మైనపు దిమ్మలో భద్రపరిచి ఉందేమో అడగండి. అన్నిచోట్లా పదేళ్లు దాచరు కాబట్టి ఆలస్యం చేయకండి, పాత డిశ్చార్జ్ సమ్మరీ మీద ఉన్న బయాప్సీ నంబరు పట్టుకెళ్లండి.